చూపు దొరకలేదు

డండీలో అక్టోబరు వాన నేలమీద పడదు,
టే నది మీంచి అడ్డంగా వచ్చి చెంపమీద కొడుతుంది.
ఆ వానలోంచి వచ్చింది ఎఫీ గెడిస్.
ఎనభై ఆరేళ్ళు. ఒకప్పుడు జనపనార మిల్లులో నేతగత్తె.
తడికోటు కుర్చీకి తగిలించి
"నా కళ్ళని చూడ్డానికి నీకు జీతమిస్తారా?" అంది,
ఏడోవారం కూడా, మొదటిసారి అడిగినట్టే.
ఇస్తారు. పెద్దగా కాదు.

గడ్డం ఇక్కడ ఆనించమన్నాను, నుదురు ఇక్కడ.
ఆమె చూపు నా తెరమీద ఎర్రచుక్కై
కాలిన పెనంమీది నీటిబొట్టులా చిందులేసింది.
మనిషి చూపు పాకదు, గెంతుతుందని
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు.
సెకనుకి మూడు గెంతులు.
గెంతే ఆ కాస్తసేపూ అందరం గుడ్డివాళ్ళమే,
మనకే తెలీదు.

నాలుగు మూలల్లో నాలుగు బొమ్మలు:
టీ కూజా, గొడుగు, పిచ్చుక, తాళంచెవి.
ఐదు సెకన్లు. తర్వాత తెల్లటి ఖాళీ.
"తాళంచెవికి కట్టిన దారం ఏ రంగు?"
చుక్క టక్కున కింది కుడిమూలకి పోయింది.
అక్కడేం లేదు. అక్కడే తచ్చాడింది,
కూల్చేసిన ఇంటిముందు ఉత్తరం పట్టుకుని నిలబడ్డ పోస్టుమానులా.
"తెలీదమ్మా" అంది ఎఫీ.
నేను 'తప్పు' నొక్కాను.
ఇరవై నాలుగు ప్రశ్నలు, పదిహేను తప్పులు.
చుక్క మాత్రం ఒక్కసారీ మూల తప్పలేదు.

రెండో భాగంలో రూలు మారుతుంది:
నడిమధ్యన కూడిక గుర్తు, చూపు దాన్ని దాటకూడదు.
అప్పుడు ఆమె టీ కూజాని కూడా పోగొట్టుకుంది.
ఎవరైనా బాగా చెప్తే కళ్ళకు కట్టినట్టుందంటాం మనం.
ఇక్కడ కళ్ళు కట్టేసింది నేను.
కట్టేశాక ఆమెకి ఏదీ కనబడలేదు.

ఫైలు సేవ్ అవుతోంది, కదలకండి అన్నాను.
ఖాళీ తెరముందు కదలకుండా, తనే మొదలుపెట్టింది:
"మగ్గాల హోరులో మాట వినపడేది కాదు.
పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళం.
జీన్ నాకు ఎడంపక్క, రెండు మగ్గాల అవతల.
పెళ్ళి తప్పిపోయిందని అట్లాగే చెప్పింది నాకు,
చప్పుడు లేకుండా, ఇంతింత నోరు తెరిచి.
మేస్త్రీ చూసి, ఆవలిస్తోందనుకున్నాడు."
చెప్తూంటే చుక్క ఎడమకి జరిగింది,
ఇంకా ఎడమకి,
తెర అంచు దాటి
నా యంత్రం అందుకోలేని చోటికి వెళ్ళిపోయింది.
చూపు దొరకలేదు, చూపు దొరకలేదు,
కంప్యూటరు రాసుకుంటూ పోయింది
పదకొండు సెకన్లపాటు.

డబ్బు లెక్కకట్టాలి. వారానికి పదమూడు పౌన్లు, ఏడు వారాలు.
"ఏముందక్కడ?" అంది ఎఫీ ఉన్నట్టుండి.
ఎక్కడ?
"అదే, పైన. నువ్వు చూస్తున్నచోట."
కప్పు కింద ఒట్టి గోడ.
చిట్టివలస బళ్ళో నల్లబల్లకి ఎడంగా, పైన,
ఎక్కాల అట్ట వేలాడేది.
పదమూడో ఎక్కంలో చెదలు తిన్నచోట ఎనిమిది ఉండేది కాదు,
గోనెసంచుల దుమ్ము దానిమీద ఎప్పుడూ ఒక పొర.
ముప్ఫై రెండేళ్ళుగా అక్కడికే వెళ్ళి
పదమూడు ఏడ్లు తెచ్చుకుంటున్నానని
ఒకరు అడిగేదాకా నాకు తెలీదు.
"తొంభై ఒకటి" అన్నాను.
"నేనడిగింది అది కాదు" అంది,
నోట్లు లెక్కపెట్టుకోకుండానే కోటు జేబులో కుక్కుకుంటూ.

ఆమె వెళ్ళాక దొరకని వరసలు తుడవాలి. నియమం.
ప్రతి వరసకీ కారణం చూపమంటుంది పట్టీ:
తల కదిలింది. యంత్రదోషం. రెప్పపాటు.
జీన్ అన్న కారణం అందులో లేదు.
కిటికీ అద్దంమీద వాన ఇంకా అడ్డంగానే పోతోంది.
రెప్పపాటు అని నొక్కాను.

పదకొండు సెకన్లూ
ఆమె రెప్పే వెయ్యలేదు.