చూసీ చూడనట్టు

మొదటి రోజు ఒక చెత్తడబ్బాకి క్షమాపణ చెప్పాను.
రెండుసార్లు. అదే డబ్బాకి.

పంతొమ్మిదేళ్ళు ఈ స్వాన్సీలో
పద్నాలుగో నంబరు బస్సు నడిపినవాణ్ణి.
కళ్ళు మూసుకుని పోగలనీ రూట్లో, అనేవాణ్ణి
డిపో క్యాంటీన్‌లో, కాలు మీద కాలేసుకుని.
నలభై ఏడో ఏట
సరే, మూసుకో అన్నారు.

కళ్ళకు గంతలు,
చేతిలో గుండె ఎత్తు తెల్లకర్ర,
వెనకెక్కడో ఎల్సీ బీవన్, మా శిక్షకురాలు,
ఉందో లేదో తెలియని మెత్తటి బూట్లతో.
కుడికాలు పడేటప్పుడు కర్ర ఎడమకి,
ఎడమకాలికి కుడికి.
చెప్పడానికి అంతే.

మూడో వారానికి
గోడలు మాట్లాడటం మొదలెట్టాయి.
గోడ ఉన్నంతసేపు నా అడుగుల చప్పుడు నాకే తిరిగొస్తుంది,
అయిపోగానే చెంప మీద చల్లటి ఖాళీ.
అది సందు.
రొట్టెల వాసన, ఇరవై అడుగులకి లాండ్రీ ఆవిరి,
ఆ తర్వాత నా పాత స్టాపు.
ఇక్కడ రోడ్డు కాస్త కుంగి ఉంటుందని
స్టీరింగు పట్టిన భుజాలకి తెలుసు,
పాదాలకి ఎవరూ చెప్పలేదు.
ఇప్పటివి కరెంటు బస్సులు. పిల్లిలా వస్తాయి.
ఊరంతా తిట్టుకున్న నా డీజిల్ బండి దగ్గు కోసం
వానలో చెవులు రిక్కించి నిలబడ్డాను.

ఒక చలికాలం, ఈ స్టాపులోనే,
తెల్లకర్ర ఆయనొకడు చెయ్యెత్తాడు,
ఇది ఏ బస్సని అడగడానికి.
నాలుగు నిమిషాలు ఆలస్యమైపోయి ఉన్నాను.
తలుపులు మూసేశాను.
ఈ పనికి ఎందుకొచ్చావని ఇంటర్వ్యూలో అడిగితే
నడుంనొప్పి సంగతి చెప్పాను.

డిలిస్ హాప్కిన్, డెబ్భై ఎనిమిది,
ఈతకొలను దగ్గర టికెట్లమ్మి రిటైరైంది.
చూపు నడిమధ్యలో మసక, అంచులు మాత్రం మిగిలాయి.
నా మొహం చూడాలంటే నా చెవి పక్కకి చూస్తుంది.
పరాకనుకున్నాను.
అది ఆమె శ్రద్ధ.

"మీ లక్ష్యం?" అని ఫారంలో గడి.
"గురువారం పేకాటలో మళ్ళీ మోసం చెయ్యాలి."
'సామాజిక కార్యక్రమాల్లో పాల్గొనుట' అని రాసుకున్నాను.

పెద్ద అంకెల ముక్కలు పట్టుకెళ్ళాను.
"ఇవి నాకే కాదు, ఎదురుగా కూచునే మేవిస్‌కీ కనిపిస్తాయి," అంది.
దీపం ఆమె ఎడమ భుజం వెనక్కి జరిపాం,
కుర్చీ కిటికీకి వీపు పెట్టింది.
ఎండ ఇక మేవిస్ కళ్ళలోకే.
ఇది వైద్యమో కుట్రో
నా నివేదికలో తేలలేదు.

కప్పు అంచుకి తగిలించే బుల్లి బజరుంటుంది,
నీళ్ళు అందగానే పిట్టలా అరుస్తుంది.
ఆమె కెటిల్ వంచింది. చెయ్యి వణికింది.
నేను పట్టేసుకున్నాను.
ఎల్సీ అక్కడేమీ అనలేదు.
కారెక్కాక అంది:
"ఆవిడ టీ నువ్వు లాక్కున్నావు."
కంటికి రెప్పలా కాచుకోవడం గొప్పనుకునేవాణ్ణి.
రెప్ప చేసే రెండో పని
మూసేయడమని ఆ రాత్రి తట్టింది.

ఆఖరి పరీక్ష, నాలుగు రోడ్ల కూడలి.
సగం దాటాక గాలి వీచింది,
కార్ల శబ్దం చెదిరింది, నా వరస తప్పింది.
పేరు పెట్టి పిలుస్తుందనుకున్నాను.
పిలవలేదు.
ఆగిపోయిన ఇంజన్లు ఎడమ పక్కన గురగురమంటున్నాయి,
వాటికి భుజం సరిచేసుకుని నడిచాను.
కర్రకి గట్టు తగిలింది.

గంతలు తీస్తే వెలుతురు చెంపదెబ్బలా.
నాలుగడుగుల దూరంలో ఎల్సీ, తడిసి ముద్దై,
రెండు చేతులూ కోటు జేబుల్లో.
జేబుల్లోంచి కూడా తెలుస్తున్నాయి
బిగించిన పిడికిళ్ళు.

ఫోన్లో డిలిస్ గొంతు ఎదురుచూస్తోంది:
"గెథిన్, మేవిస్ పట్టేసింది!
నల్లద్దాలు పెట్టుకొచ్చింది, ముదనష్టపుది.
మంగళవారం రా. తొందరగా.
ఇంకేదైనా ఉపాయం చూడాలి మనం."