తాడ్వాయి చీటీ

ముందుగాల బ్యాటరీ నల్ల తీగ.
తర్వాత పక్క చాయ్ డబ్బా గౌసియాకు చెప్పి
స్టవ్ బంద్ చేయించిన.
నా చెవి మీది బీడీ నేనే తీసి
దూరంగ, సందుగు మీద పెట్టిన.
పెట్రోల్‌తోని ముప్పై ఏండ్ల దోస్తాన్,
అయినా నమ్మ.

ములుగు రోడ్డు మీద మా రేకుల షెడ్డు.
లోపల రెండు సీట్ల బండి,
ఒకప్పుడు ఎర్రది,
ఇప్పుడు నానబెట్టి ఆరేసిన కుంకుమ గుడ్డ.
బానెట్ విప్పి గోడకు ఆనిచ్చినం.
ఇంజన్ మీద ఉడుత గూడు:
కొబ్బరి పీచు, దూది,
సగం కొరికిన క్రిస్మస్ కార్డు.

పంపు కాడ పైపు కట్టెలెక్క అయ్యింది.
క్లిప్పు నిండ తుప్పు.
"గుంజకు," అన్న ఓదెలుతోని,
"కొద్దిగ తిప్పు. నూనె చుక్క వెయ్యి.
కొంచెంసేపు దాన్ని మర్చిపో."
వాడు నిజంగనే మర్చిపోయిండు.
నేనొచ్చేసరికి
ఏటూర్నాగారం బస్సు దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

పైపు ఊడింది.
గిన్నెలకు చాయ్ రంగు పెట్రోల్
చుక్క, మళ్ల చుక్క,
వార్నిష్ వాసన,
ఏండ్లకు పాత బీరువా తీసినట్టు.
పైపు మూతికి బోల్టు దూర్చి మూసినం.

విప్పిన ప్రతిదానికి చీటీ కట్టమన్న.
ఒకటి, రెండు అని రాస్తడనుకున్న.
వాడు తెల్ల టేపు మీద
"తాడ్వాయి" అని రాసి పెట్రోల్ పైపుకు చుట్టిండు.
ఎక్సిలేటర్ తీగకు పసర.
రేడియేటర్ పైపు మీదిది గోవిందరావుపేట,
కిందిది ములుగు.
డైనమో వైరు జాకారం.
సైలెన్సర్ కాడ మల్లంపల్లి.

"ఏందిరా ఇది?"
"మా బస్సు, ఉస్తాద్.
విప్పుతాంటే ఈడికి వస్తం,
బిగిస్తాంటే ఇంటికి పోతం. మర్చిపోను."
తిడ్దామని నోరు తెరిచి
పానా ఇయ్యమన్న.

నాలుగింటికి ఫాతిమానగర్ నుంచి ఆటోల వచ్చింది
బండి గల్లామె, సరోజినీ మేరీ టీచర్.
రైల్వే బడిల లెక్కలు చెప్పేదట.
స్టూలు వేస్తే కూసోలేదు.
"పాత పెట్రోల్ పారబోసిన్రా?"
సీసాల పోసి ఉంచిన, చూపిచ్చిన.
మూత తీసి
పాలు ఇరిగినయా అన్నట్టు వాసన చూసింది.
"హన్మకొండ చౌరస్తల పోయించిన ఇది.
పందొమ్మిదేండ్లు.
రామప్ప చూపిస్తనని తోలుకపోయి
సగం తొవ్వల మళ్లిచ్చుకొచ్చిన."
ఎవర్ని అని మేం అడగలే.
ఆమె వంగి చీటీలు ఒక్కొక్కటే చదివింది.
జాకారం కాడ వేలు ఆగింది.
"ఇక్కడనే," అన్నది.

షెడ్డు నడుమ రైలు పట్టా ముక్క,
దానికి చైన్ పుల్లీ.
గొలుసు గుంజిన, కటకటకట,
ఓదెలు ఇంజన్ తోక పట్టుకొని
"ఎడమకు, ఉస్తాద్, ఎడమకు."
ఇంజన్‌తోని బండి బండే లేస్తాంది.
ఆపిన. దించిన. టార్చి వేసి చూస్తే
గేర్ బాక్సు మీద ఒక్క బోల్టు.
"మల్లంపల్లి తర్వాత ఏది?"
"గూడెప్పాడ్," అన్నడు, తల గోక్కుంట,
"ఆడ ఎప్పుడు నిద్రపోతాంట."
టీచర్ నవ్వింది,
ముందుగాల చేతిల, తర్వాత బయటికి.

మళ్ల గొలుసు.
ఇంజన్ గాలిల ఉన్నది, మెల్లగ తిరుగుతాంది,
నల్ల నూనె కార్చుకుంట.
కింద బండి ముక్కు
నాలుగు వేళ్లు పైకి లేచింది,
ఎవ్వరు ఎత్తకుండనే.
స్ప్రింగులు, అంతే.
అంత బరువు దిగితే ఏదైనా లేస్తది.
ప్రతిసారి చూస్తనే ఉన్న,
ప్రతిసారి గొలుసు మీద చెయ్యి ఆగుతది.

"మళ్ల పెడితే కూసుంటదా?"
"కూసుంటది టీచర్.
కూసుంటెనే తొవ్వ పట్టుకుంటది."

ఆటో వచ్చింది. ఆమె సీసా తీసుకపోలే.
ఓదెలు దానికి సుత ఒక టేపు ముక్క చింపి
నా దిక్కు చూసిండు,
ఆటో పోయిన దిక్కు చూసిండు,
ఖాళీగనే అంటించిండు.