ఇంటిపేరు గడి

జిరాక్సు దుకాణం వెనక, మెట్ల కింద
నా అనువాదాల గది.
పేజీకి ఇంత, ముద్రకి ఇంత.
చలి ముదిరిందంటే ఉలాన్‌బాతర్ పిల్లలంతా ఇటే వస్తారు,
చంకలో ప్లాస్టిక్ సంచీ,
సంచీలో ఇన్నాళ్ళ బతుకు, ఒక్క మడతైనా పడకుండా.

నొమూన్ వచ్చిన రోజు మైనస్ ఇరవై తొమ్మిది.
రెప్పల మీది మంచు కరిగి దరఖాస్తు మీద చుక్క పడింది.
ఏడుస్తున్నావా అన్నాను.
"లేదక్కా, మీ గది వెచ్చగా ఉంది."

హంగరీలో సెగెడ్ అనే ఊరట. నేలల చదువట.
"మనవాళ్ళు ఎప్పుడో వెళ్ళారుగా అటు,
గుర్రాల మీద. వీసా అడిగిన నాథుడు లేడు."
"అందుకేనేమో,
ఇప్పుడు ఇన్ని కాగితాలు అడుగుతున్నారు."

మొదట ఎక్స్‌రే. కిటికీ వెలుగుకి ఎత్తి చూశాం.
పంతొమ్మిది చలికాలాల బొగ్గు పొగ
ఎక్కడ దాక్కుందో, జాడ లేదు.
ఊపిరితిత్తులు నిర్మలం అని డాక్టరు రాసిన మాట
రెండుసార్లు చదివాను,
కిటికీ అవతల కనబడని కొండ వైపు ఒకసారి చూసి
టైపు చేశాను.

తర్వాత బ్యాంకు కాగితం.
ఆ అంకెలన్నీ మేకలే.
మేనమామ వసంతంలో దువ్వి అమ్మిన ఉన్ని
పదిహేను రోజులు ఆమె ఖాతాలో బారులు తీరి నిలబడి
తలలు లెక్కపెట్టించుకుని
మళ్ళీ మామ మందలో కలిసిపోతుంది.
అరువు సొమ్ము బరువు చేటు అంటారు.
మోసే బరువైనా కాదిది,
తక్కెట్లో పెట్టి, ముల్లు నిలవగానే తీసేసే రాయి.
నాకక్కడ పని లేదు. అంకెలకి అనువాదం అక్కర్లేదు.

"ఎందుకు వెళ్తున్నావో చెప్పు," అన్నాను, ఇంటర్వ్యూ వాడిలా గొంతు మార్చి.
"అక్కడి నేలలో ఉప్పు పైకి తేలుతుందట.
మామ మేతభూమిలోనూ తేలుతోంది, తెల్లగా.
మేకలు ముందు నాకుతాయి, తర్వాత గడ్డి ఉండదు."
"తిరిగి వస్తావా?"
కాసేపు గోరు చూసుకుంది.
"ఆ ప్రశ్న ఫారంలో ఉందా?"
లేదు. నేనే అడిగాను.
నాక్కూడా ఒకప్పుడు ఇర్కుత్‌స్క్ నుంచి ఉత్తరం వచ్చింది.
అది వేరే సంగతి.

చివరికి మిగిలింది ఇంటిపేరు గడి.
మాకు ఇళ్ళున్నాయి, పేర్లున్నాయి,
ఇంటికి పేరెలా పెడతాం?
విప్పితే కర్రలు, చుడితే ఉన్ని,
లారీ ఎక్కి గడ్డి ఉన్న దిక్కుకి పోయే ఇంటికి!
వంశాల పేర్లు ఉండేవట. ఒక కాలం వచ్చి చెరిపేసింది,
ఇంకో కాలం వచ్చి వెతుక్కోండి అంది.
సగం ఊరు వెతుక్కుని వెతుక్కుని రాజుగారి వంశంలో తేలింది.
ఆ గడిలో మేం నాన్న పేరు రాస్తాం.

నొమూన్ కాగితంలో సరంగెరెల్ అని ఉంది.
ఆడపేరు.
అడగబోయి, బల్ల మీద ఉన్న ముద్రనే వెతుక్కున్నాను.
తనే చెప్పింది:
"అమ్మ ట్రాలీబస్సు నడుపుతుంది.
కడ్డీ తీగ నుంచి జారితే
నడివీధిలో దిగి తాడు లాగి తగిలిస్తుంది.
నాన్నా అలాగే జారాడు.
ఆ రోజు మాత్రం అమ్మ దిగలేదు."

సరంగెరెల్ అంటే వెన్నెల.
చెయ్యి ఊరుకోదు కదా.
ఇంటిపేరు: వెన్నెల
అని రాసి, చూసుకుని, కొట్టేశాను.
పేర్లని అనువదించకూడదు.

సెప్టెంబరులో అక్కడెవరో పంతులు హాజరు పట్టీ తెరుస్తాడు.
వాళ్ళకీ ముందు ఇంటిపేరే.
సరం... సరంగె... అని నాలుక మడతపడుతుంది.
వెనక బెంచీలోంచి ఈ పిల్ల లేచి
ఉన్నానంటుంది,
వాళ్ళమ్మ పేరుకి.

తొమ్మిది పేజీలు, తొమ్మిది ముద్రలు.
ఎనిమిదింటికే డబ్బు తీసుకున్నాను.
ఏది వదిలేశానో తను అడగలేదు.
తలుపు తీసిన చోట చలి ఒకసారి లోపలికి చూసి పోయింది.