జెరాక్స్ కొట్టు, నోంగ్ ఖాయ్

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఎదురుగా నాది జెరాక్స్ కొట్టు.
పేజీకి రెండు బాత్‌లు, రంగులో అయితే పది.
పదహారేళ్లుగా పరంగివాళ్ల వయసుల్ని
ఈ గాజుపలక మీద బోర్లా పడుకోబెడుతున్నాను.
ఇంగ్లీషు చదవడం రాదు నాకు, అంకెలొచ్చు.
పుట్టిన ఏడాది చూస్తే చాలు,
ఎదుటి కౌంటర్లో ఎంతసేపు నిలబెడతారో చెప్పేస్తాను.

లీవెన్‌ది నలభై తొమ్మిది.
గెంట్ అనే ఊళ్లో ట్రాము నడిపేవాడట.
ఇక్కడ అతని వీసా పని చెయ్యనివ్వదు,
అందుకని మాలివాన్ కూరగాయలన్నీ అమ్ముకున్నాక
ఖాళీ బండి మాత్రం ఇంటిదాకా తోస్తాడు.
మలుపొచ్చినప్పుడల్లా నోటితో గంట కొడతాడు.
కుక్కలు లేచి దారిస్తాయి.

ఆ ఏడు కొత్త కాగితం అడిగారు.
బ్యాంకులో ఎనిమిది లక్షలున్నా సరే
ఆస్పత్రి బీమా ఉండి తీరాలన్నారు,
ముప్పై లక్షలకి తగ్గకుండా.
ఒక కంపెనీ పుట్టినరోజు వినగానే ఫోను పెట్టేసింది.
ఇంకోటి ఒప్పుకుంది.
ఇరవై రెండు పేజీలు. వేడివేడిగా తీసి దొంతి పెట్టాను.
వేలు పెట్టి ఒక్కో పేరా నాకు చదివి చెప్పాడు:
గుండె పాతది, వర్తించదు.
చక్కెర ముందునించీ ఉంది, వర్తించదు.
మోకాళ్లు రెండూ, నడుమూ, కుడికన్నూ...
'మరి మిగిలిందేమిటయ్యా?' అన్నాను.
కాసేపు వెతుక్కున్నాడు తనని తాను.
'ఎడమ చెవి' అన్నాడు.
'దానికి ముప్పై లక్షలు.'

ఇద్దరం నవ్వాం. లక్షా నలభై వేలు కట్టాడు.

నవ్వాను కానీ,
మా చెల్లెలి కూతురు చన్‌పెన్ పెద్దాసుపత్రిలో
బిల్లుల గదిలో పని చేస్తుంది.
మొన్నటి వానల్లో మోటారుసైకిలు మీంచి పడి
పంతొమ్మిది రోజులు మంచమెక్కిన పరంగి ఒకాయన
ఒక రాత్రి సెలైను స్టాండుని నిలబెట్టి వెళ్లిపోయాడు.
ఆ బిల్లుకీ నేనే జెరాక్స్ తీశాను.
చన్‌పెన్ మొహం చూస్తూ తీశాను.
అందుకే ఎవరి వైపు మాట్లాడాలో
నా నోటికి ఇంకా తెలీదు.

మరుసటేడు బీమా సొమ్ము మళ్లీ పెరిగింది.
ఎడమ చెవి ఎప్పటిలాగే ఉంది.
'వీసాని చంపేస్తాను' అన్నాడు లీవెన్,
కోడి గురించి చెప్పినంత మామూలుగా.
తిరిగొచ్చే అనుమతి తీసుకోకుండా
మేకాంగ్ మీద వంతెన దాటితే చాలట,
నది మధ్యలో అది దానంతటదే పోతుందట.
అవతల వియంటియాన్‌లో ఎన్నాళ్లుండాలో,
కొత్తది ఇస్తారో ఇవ్వరో,
అడిగితే తల ఊపాడు. ఏ వైపు ఊపాడో అర్థం కాలేదు.

మాలివాన్ ఇవతలి ఒడ్డున బండి పెట్టుకుంది.
మొదటి రోజు వంకాయలు, రెండో రోజు తోటకూర.
మూడో రోజు ఏమీ అమ్మలేదు, ఊరికే నిలబడింది.
అయిదో రోజు బస్సు దిగాడు.
వేరే అక్షరం వీసా, బీమా అడగనిది.
అక్షరం మారింది. గుండె అదే.

పాత పాలసీ నా బల్ల మీద పడేశాడు,
వెనకవైపు తెల్లగా ఉంది, వాడుకోమన్నాడు.
దాని మీదే అప్పులు రాసుకుంటున్నాను ఇప్పుడు.
ఆ సొరుగులోనే నా కార్డూ ఉంది,
ముప్పై బాత్‌లకి ఏ జబ్బునైనా చూపించుకునేది.
పుట్టడం ఒక్కటే దానికి నేను కట్టిన వాయిదా.

నిన్న సాయంత్రం నా రెండు మెట్లూ ఎక్కి
మిషను పట్టుకుని నిలబడ్డాడు.
'కాగితాలేవీ?' అన్నాను.
'ఇవాళ లేవు' అన్నాడు. 'ఊపిరి కోసం ఆగాను.'
స్టూలు జరిపాను.
బయట మాలివాన్ ఖాళీ బండితో మలుపు తిప్పుతోంది.
కూచున్నచోటునించే గంట కొట్టబోయాడు.
దగ్గొచ్చింది.