అచ్చు

ఏడింటికి కాటా మూత పడుతుంది.
గోనెపట్టలు దులిపిన దుమ్ముకి
కీబోర్డులో సున్నా మీట అతుక్కుపోతుంది.
చిత్తూరు బెల్లం మండీలో కంప్యూటరంటే అంతే,
చీమలు కూడా లాగిన్ అవుతాయి.

నా పని చిన్నది.
పగలంతా పట్టీల్లోంచి ఎక్కించిన అంకెలు
డేటాబేసులో కుతకుత ఉడుకుతుంటాయి:
పెనుమూరు పద్దెనిమిది బస్తాలు, తరుగు కిలోన్నర,
గుడిపాల ఏడు, రంగు రెండో రకం,
హమాలీ, కమీషను, పాత బాకీ.
సాయంత్రానికి దాన్ని రిపోర్టుగా తీసి
పేజీలుగా పోసి
ఎక్కడుందో నేనెప్పుడూ చూడని సర్వరుకి పంపాలి.

ఆ సాఫ్ట్‌వేరు తనంతట తనిచ్చే రిపోర్టు చూశారా?
బూడిదరంగు గీతలు, ఆసుపత్రి చీటీ మొహం.
నాకు నచ్చలేదు.
మూడు రాత్రులు కూచుని నా మూస నేనే గీసుకున్నాను.
పైన మండీ పేరు, పక్కన పల్చటి చెరుకాకు,
వెనక రంగు లేతపాకం.
ఆ రంగు కుదరడానికి
మా అమ్మ పెనం దగ్గర గరిటె ఎత్తి
చన్నీళ్ళలోకి పాకం జారవిడిచే క్షణాన్ని
తెచ్చుకోవాల్సి వచ్చింది.
పేరుండాల్సిన చోట ఖాళీ గుంట,
ధరుండాల్సిన చోట ఖాళీ గుంట.
మీట నొక్కితే
అంకెలు వచ్చి గుంటల్లో కూచుంటాయి.
ఆరితే ఇక కదలవు.

కదలని పేజీ.
అడిగితే జవాబివ్వదు,
చూసేవాణ్ణి బట్టి మొహం మార్చదు.
టీ బంకు దగ్గర మనవడి ఫోను దూరంగా పట్టుకుని
కళ్ళు చికిలించే చెంగల్రాయుడికైనా
వేలూరు వ్యాపారికైనా
ఆ రోజు ఏం జరిగిందో అదే చెబుతుంది.
రోజుకో ఫైలు, తేదీయే దాని పేరు.
ఆరేళ్ళ సాయంత్రాలు
అటక మీద అచ్చుల్లాగా పేర్చి ఉన్నాయి,
ఎవరూ దించి చూడరు.

మంగళవారం
చెంగల్రాయుడి పదకొండు బస్తాలు
మొదటి రకం, క్వింటా నాలుగువేల రెండొందలు.
నేనే ఎక్కించాను. నేనే పోశాను.

గురువారం అర్ముగం మొదలియారు
నా కుర్చీ వెనక నిలబడి
వక్కపలుకు బుగ్గన మార్చుకుంటూ అన్నాడు:
"ఆ పదకొండూ రెండో రకం చెయ్ మే ధనకోటీ.
మూడువేల ఎనిమిదొందలు."
చేశాను.
డేటాబేసుకేం, ఉడికే పాకం,
గరిటె ఎటు తిప్పితే అటు.
పాత అంకె ఉన్నచోట ఆవిరైనా లేవలేదు.

శుక్రవారం ముసలాయన వచ్చాడు.
అరవలేదు.
తువ్వాలు మడిచి గడప మీద పరుచుకుని
ఫోను నా బల్ల మీద పెట్టాడు.
పగిలిన తెర గీత కింద మంగళవారం పేజీ.
నా చెరుకాకు. నా లేతపాకం.
నాలుగువేల రెండొందలు.
"ఇది నువ్వు పెట్టిందే కదమ్మా?
నాకు అక్షరాలు రావు. అంకెలొస్తాయి."

మొదలియారు లోపలికి పిలిచి, గొంతు తగ్గించి,
"మంగళవారాన్ని ఇంకోసారి తీసి పంపించు,
పాతది దాని కింద పడి పోతుంది,
బిన్నా" అన్నాడు.

నిజమే, పోతుంది.
అదే పేరు, అదే మూస, ఒక్క మీట.

మాది గానుగాడిన ఇల్లు.
ఆరిన అచ్చుని పగలగొట్టి
మళ్ళీ పెనంలో వేసి కాచొచ్చు, ఎవరొద్దంటారు?
కాకపోతే రెండోసారి కాచిన బెల్లం
ఒక పిసరు నల్లబడుతుంది.
ఈ ఊళ్ళో నాలుక మీద వేసుకుని
కళ్ళు మూసుకుని చెప్పేస్తారు.

వేలు మీట మీద పెట్టాను. జిగట.
తీశాను.
ఆయన తువ్వాలు ఇంకా గడప మీదే ఉంది.
కాటా మీద ఎవరో మర్చిపోయిన ఒక్క అచ్చు
తన బరువు తను చూపిస్తూనే ఉంది.