ఎనిమిది సీసీలు

కేటలాగులో అంతా ఉంది:
నాలుగు సిలిండర్లు, ముప్పై ఏడు గుర్రాలు,
నిమిషానికి ఎనిమిదిన్నర వేల చుట్లు.
నాలుగు పొగగొట్టాలూ ఒకేసారి పక్కకి ఒరిగి
ఒక్కటైపోయే ఆ వంపు మాత్రం
ఏ అంకెలోనూ లేదు.

ఆ వంపు చూసే కొనేసింది తొమోయె,
యాయిజు రేవులో చేపలు వేలం వేసే మనిషి.
తీరా ఆమె లైసెన్సు నాలుగు వందల సీసీ దాకానే.
బండి నాలుగు వందల ఎనిమిది.

ఎనిమిది సీసీలంటే ఎంతని?
చెంచాన్నర సోయా సాసు.
అదే అడ్డం, పంతొమ్మిదేళ్లు.
ఆదివారాలు షెడ్డులోనే స్టార్ట్ చేసేది,
కాసేపు వినేది,
ఆపేసి గుడ్డ కప్పేది.

పెద్ద లైసెన్సుకి పరీక్ష పెట్టింది నేనే.
అక్కడ వేగం ఎవరికీ అక్కర్లేదు.
అడుగు వెడల్పు పలక మీద
పది సెకన్లకి తగ్గకుండా పాకాలి, అంతే.
మూడుసార్లు పడింది. ఒకసారి
ఇంకో జానెడు ఉందనగా.
జాలిపడటం నా ఉద్యోగంలో లేదు.

నాలుగోసారి గడియారం నొక్కి చూస్తే
పదమూడు.

ఆ సాయంత్రం రేవు రోడ్డు మీద
సన్నగా మొదలై, చీల్చుకుంటూ పైకి లేచింది
ఎనిమిదిన్నర వేల కేక.
గడియారం జేబులోనే ఉంది.
తీయలేదు.