ఇస్త్రీ బల్ల పక్కన సీరియల్

ఇషా నమాజు అయినాక
ముసలామె కుర్చీ టీవీ ముందుకు జరుగుతాది,
నా ఇస్త్రీ బల్ల ఆ కుర్చీ వెనక్కి.
బయట జాబ్రియా వీధిలో దుమ్ముగాలి
కిటికీ అద్దాలు గీకుతా ఉంటే
ఇద్దరం చూస్తాం
హిందీ వాళ్ల ఇంటి గొడవ, అరబ్బీలో.

ఆమెను మామా అని పిలవాలి.
మొదట్లో నవ్వొచ్చేది.

పాపిట నిండా సిందూరం పెట్టుకున్న పిల్ల
"వల్లా, నాకేమీ తెలీదు" అని ఏడుస్తాది.
పెదాలది ఒక మాట, గొంతుది ఇంకో మాట.
నాకు అరబ్బీ నేర్పింది ఆ పిల్లే.
అందుకే నా నోట్లోకి
ఉప్పు, చీపురు రాకముందే
ద్రోహం, మెట్టినిల్లు, క్షమించు
వచ్చి కూర్చున్నాయి.

"మీ దేశమే గదా, చెప్పు" అంటాది మామా,
"అత్త దీపం ఎందుకు ఆర్పింది?
ఆ నల్లపూసలు తెగితే ఏమైతాది?"
ఆ ఇండ్లు నేనెప్పుడు చూసినాను?
రాయచోటి నుంచి మద్రాసుకు బస్సు,
మద్రాసు నుంచి ఇక్కడికి విమానం,
దారిలో ఎక్కడా అంతంత మేడమెట్లు తగల్లేదు.
అయినా చెప్తాను.
మా దేశంలో నిద్రలో కూడా నగలు తీయరు, మామా.
ఆమె నమ్ముతాది.

కథలో అక్కాచెల్లెండ్లు ఇద్దరు.
పెండ్లి కుదిరింది చెల్లెలికి,
పీటల మీద కూర్చున్నది అక్క, ముసుగు కింద.
నెల రోజులుగా ఆ ముసుగు లేస్తానే ఉంది.
ఈ పొద్దు లేచింది.
మొగం మూడుసార్లు చూపించినారు,
ఎర్రగా ఒకసారి, తెల్లగా ఒకసారి,
పిడుగు పడినట్టు ఒకసారి.
మామా చేతిలో జపమాల ఆగిపోయింది.
"ఇట్లా ఎక్కడన్నా జరుగుతాదా?"

దిష్‌దాషా కాలరు మీద నీళ్లు చల్లినాను.
ఆవిరి లేచింది.

మద్రాసులో అద్దం వెనక కూర్చున్న మనిషి
పాసుపోర్టులో ఫోటో చూసినాడు, నన్ను చూసినాడు.
ముప్పై దాటితేనే ఇంటిపనికి పంపుతారంట.
నాకు ఇరవై నాలుగు. అక్కకు ముప్పై ఒకటి.
అమ్మ ముక్కు, నాయన చెవులు,
ఇద్దరం ఒకే అచ్చులో పోసిన బెల్లం.
పిడుగు పడలేదు.
ఠప్పని ముద్ర పడింది, అంతే.
ఆ పొద్దు నుంచి నేను నాగరత్నను
అకామాలో, డబ్బు పంపే చీటీలో,
తెల్లారుజామున మెట్ల మీద నుంచి దిగే కేకలో.
మొదటి వారం పలకలేదని
చెవుడేమో అనుకున్నారు.

అక్క పెండ్లి పోయినేడు.
బట్టలుతికే గదిలో తలుపేసుకొని ఫోన్లో చూసినాను.
పట్టుకున్నోడు మా మేనమామ కొడుకు.
ఫ్యాన్లు, కుర్చీలు, వాడి బొటనవేలు,
మధ్యలో ఎప్పుడో అక్క.
పెండ్లికొడుకు, ముందు నన్ను చూడను వచ్చిన మనిషే.
కాఫీ వద్దు, మజ్జిగ ఉందా అనినాడు ఆ పొద్దు.
ఇచ్చినాను.
అది అందరికీ తెలుసు, ఎవ్వరం ఎత్తం.
తాళి కట్టేటప్పుడు సిగ్నలు పోయింది.
ఇక్కడి కాగితాల్లో మాత్రం
నాగరత్నకు ఇంకా పెండ్లి కాలేదు,
నాలుగేండ్లుగా ఒకరింట్లో నేల తుడుస్తా ఉంది.

"టీవీలోనే, మామా" అన్నాను.

బాసుమతి బియ్యం ప్రకటన వచ్చింది.
ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది.
"నీకు అక్కచెల్లెండ్లు ఉన్నారా?"
ఒకతి ఉందన్నాను.
"పేరు?"

చీకట్లో గూట్లో పెట్టిన వస్తువు
చేతికి తగిలీ తగలనట్టు
కాసేపు నాలుక తడుముకుంది.
"రెడ్డెమ్మ."

"రద్ద... రద్దమ్మా" అనింది మామా,
పండ్లు లేని నోట్లో ఖర్జూరం తిప్పినట్టు తిప్పి.
"ఎట్లుంది ఆమె?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టినాను.
బాగుంది, అన్నాను.
టీవీలో ఆ ముసుగు
మళ్లీ మొదటి నుంచి లేస్తా ఉంది.
ఇంకా ఏడు దిష్‌దాషాలు.